ఫారంలో చోటు లేని పని

ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లో పెట్టే ఒక పథకం ఎంతవరకు ఫలించిందో తెలుసుకునే సర్వేలో నేను రెండేళ్లు పనిచేశాను. మల్కాజ్‌గిరి నుంచి అల్వాల్ దాకా ఇల్లిల్లూ తిరిగేదాన్ని. అవే ప్రశ్నలు అడిగి అడిగి కాళ్లకంటే ముందు నా గొంతు అలసిపోయింది.

అల్వాల్‌లో ఒకామె మందుల ప్యాకింగ్ యూనిట్‌లో చేరి నాలుగు నెలలకే మానేసింది. మానేసినవాళ్లను తప్పకుండా కలవమన్నారు. నేను వెళ్లేసరికి ఆమె పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారిని పక్కకు తిప్పి, వీపుకు పౌడర్ అద్దుతోంది. నన్ను కూర్చోమని, పని ఆపకుండానే జవాబులు చెప్పింది.

ఉద్యోగానికి ముందు రోజుకు ఎన్ని గంటలు ఖాళీగా ఉండేవారని అడిగాను. ఫారంలో అలాగే ఉంది.

ఆమె చెయ్యి ఆగింది. “ఖాళీ ఎక్కడిది మేడం? రెండు గంటలకోసారి మా అత్తను తిప్పాలె. లేకుంటే పుండ్లు పడ్తయి. నేను డ్యూటీకి పోతే మా బిడ్డ బడి మాని ఈ పని చేసింది.”

ఆ పిల్ల తొమ్మిదో తరగతి. మొదట వారానికి ఒకరోజు మానేదట, తర్వాత మూడు రోజులు. చివరికి టీచరమ్మ ఇంటికొచ్చి, ఇలాగైతే పరీక్షలు రాయడం కష్టమని చెప్పి వెళ్లింది. మర్నాడే తల్లి ఉద్యోగం మానేసింది. ఆ ఉద్యోగం తనకు ఇష్టమేనని, తోటివాళ్లతో నవ్వుకుంటూ అన్నం తినడం బాగుండేదని నాతో అంది.

మానడానికి ఫారంలో ఉన్న కారణాలు నాలుగే. ఏదీ సరిపోలేదు. ఆమె చెప్పిందంతా కాగితం వెనక రాసుకొచ్చాను.

రైల్వే స్టేషన్ దగ్గరి మా సర్వే ఆఫీసులో సార్ అది ఓపిగ్గా చదివారు. చెడ్డవారేం కాదు, ఆయనా అలసిపోయే ఉన్నారు. “జీతం లేని పని కదమ్మా, దీనికి కాలమ్ లేదు. ఆసక్తి లేదని పెట్టెయ్.”

ఆమె అలా అనలేదని చెప్పాను. ఆయన ఇంకో ఫారం అందుకున్నారు. టేబుల్ మీద ఇంకా బోలెడు ఫారాలున్నాయి. ఆయన చెప్పినట్టే పెట్టాను. ఉద్యోగంలో నిలిచినవాళ్ల ఇళ్లలో ఎవరు ఏం మానుకున్నారో నేను ఎప్పుడూ అడగలేదు. అడగమని ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్లకు ఉండబట్టలేక మళ్లీ అల్వాల్‌లో ఆమె ఇంటికి వెళ్లాను. బిడ్డ పరీక్షలు రాసిందని చెప్పింది. నేను ఏం రాశానో ఒప్పుకున్నాను.

ఆమెకు కోపం రాలేదు. “మీరేం చేస్తరు మేడం, ఫారమే గట్లున్నది” అని దుప్పటి సర్దింది.

తిట్టి ఉంటే బాగుండేది. తిరుగు బస్సులో ఏడుపొస్తుందనుకున్నాను. నిద్రొచ్చింది.