కౌండిన్య ఏటి దగ్గర మోగిన బెల్లు

దెయ్యం, గాలి, సోకు అంటే నవ్వే మనిషిని నేను. ముప్పై ఏళ్ళకు పైగా వేలూరులో బస్సు షెడ్డులో ఫిట్టరుగా పనిచేశాను. ఇంజన్లో వింత శబ్దం వచ్చిందంటే దానికొక కారణం ఉంటుంది, విప్పి చూస్తే దొరుకుతుంది. ప్రమాదంలో మనిషి పోయిన బస్సు ఒకటి షెడ్డుకు వస్తే తక్కినవాళ్ళు దాని దగ్గరికి పోవడానికి జంకారు. నేను మధ్యాహ్నం అందులోనే కూర్చుని క్యారియర్ విప్పి అన్నం తిన్నాను. అట్లాంటి నేను ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళు ఆలోచించాను.

నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. నేను చెబుతుంటే చిత్తూరులో చదువుకున్న మా కోడలు రాసింది. మా యాస ఆమెకు మోటుగా ఉంటుందని పుస్తకాల తెలుగులో పెట్టింది. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమని అడిగాను.

ఆంధ్ర రాష్ట్రం వేరైన మరుసటి ఏడు జరిగింది ఇది. మా మేనత్తవాళ్ళ పలమనేరు ఆ పక్కకు పోయింది, మేం ఈ పక్క మిగిలాం. మద్రాసు ఎవరిది, తిరుత్తణి ఎవరిది అని టీకొట్ల దగ్గర గొంతులు లేచే రోజులు. మాకు మాత్రం సైకిల్ పందేల పిచ్చి.

మా జట్టులో నలుగురం. పెద్ద మునిరత్నం అన్న. తొరపాడిలో ఉండేవాడు, ఇళ్ళు కట్టే మేస్త్రీ. రెండోవాడు దేవసహాయం, ఒక ఆసుపత్రి వంటింట్లో పని. మూడోవాడు ఏకాంబరం, దర్జీ, తమిళుడు. నాలుగోవాణ్ణి నేను, సుబ్రమణి. అందరూ మణి అనేవాళ్ళు. మావి పందెం సైకిళ్ళు కావు. రోజూ పనికి తొక్కుకుపోయే బండ్లే. పందెం ముందురోజు మడ్‌గార్డులు, క్యారియర్లు, స్టాండ్లు విప్పేసి తేలిక చేసేవాళ్ళం.

జట్టుగా తొక్కేటప్పుడు ఒకడి వెనక ఒకడు అంటుకుని పోవాలి. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాళ్ళకు తేలిక. వాడు అలిసిపోకముందే పక్కకు తప్పుకుని వెనక్కి రావాలి, రెండోవాడు ముందుకు పోవాలి. ఆ మార్పు సరిగ్గా జరిగితే నలుగురూ ఒకే మనిషిలా పోతారు. తప్పితే నలుగురూ కిందపడతారు.

మేం ఒకసారి పడ్డాం కూడా. అణైకట్ రోడ్డులో నేను వెనకనుంచి "తప్పుకో" అని అరిచాను. ముందున్న ఏకాంబరానికి అప్పటికి తెలుగు అంతంతమాత్రం. తమిళంలో తప్పు అంటే పొరపాటే కదా. తానేదో తప్పు చేశాననుకుని బ్రేకు పట్టేశాడు. దేవసహాయానికి మోచెయ్యి విరిగింది.

ఆ తర్వాత మునిరత్నం అన్న తొక్కేటప్పుడు మాటలు మానిపించాడు. పాత సామాన్ల అంగట్లో ఒక బెల్లు తెచ్చి తన సైకిల్‌కు బిగించాడు. దాని గిన్నెకు పగులు ఉండేది. మామూలు బెల్లులా గణగణమనదు. పగిలిన కంచు గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు బొంగురుగా పలికేది. రెండుసార్లు కొడితే ముందున్నవాడు వెనక్కి రావాలి. ఆపకుండా కొడుతూ ఉంటే అందరూ ఆగిపోవాలి. అందరూ కనబడాలని ఆయన ఎప్పుడూ చివరే తొక్కేవాడు. ఎవరి ఊపిరి ఎంత ఉందో ఆయనకు ఎట్లా తెలిసేదో గానీ, ఇక చాలు అని నేను అనుకునేలోపే వెనక బెల్లు పలికేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఆయనకు విషజ్వరం వచ్చింది. పది రోజులు కూడా ఉండలేదు.

ఆగస్టు పదిహేను పందెం నుంచి తప్పుకుందామని అనుకున్నాం. ఆయన భార్య రాజమ్మక్కే వద్దంది. ఆయన పేరు చెప్పుకుని తొక్కండి, కప్పు తెచ్చి ఈ ఇంట్లో పెట్టండి అంది. జట్టుకు ముగ్గురు చాలు, మూడోవాడు గీత దాటినప్పుడు జట్టు వచ్చినట్టు లెక్క. వేలూరు కోట మైదానం నుంచి పళ్ళికొండ మీదుగా గుడియాత్తం పోయి, అక్కడ బల్ల దగ్గర సంతకం పెట్టి, అదే దారిన తిరిగి రావాలి. మా మూడు సైకిళ్ళ బెల్లులూ ముందురోజు నేనే నా స్పానర్‌తో విప్పి ఒక గుడ్డలో మూటకట్టి ఇంట్లో పెట్టాను. ఈ మాట గట్టిగా చెప్పగలను.

పొద్దున ఏడింటికి వదిలారు. ఎదురుగాలి. పళ్ళికొండ చేరేసరికి మా వరస చెదిరిపోయింది. ఎవరు ఎప్పుడు మారాలో చెప్పేవాడు లేడు. ఏకాంబరం ముందు ఉండిపోయి అలిసిపోయాడు, దేవసహాయం వందడుగులు వెనకపడ్డాడు. మూడు జట్లు మమ్మల్ని దాటిపోయాయి.

పళ్ళికొండ గుడి దాటి ఒక మైలు పోయాక బెల్లు వినబడింది. రెండుసార్లు. బొంగురు గొంతు.

ఏకాంబరం అలవాటు కొద్దీ పక్కకు తప్పుకున్నాడు. నేను ముందుకు పోయాను. దేవసహాయం ఎప్పుడు వచ్చి కలిశాడో గానీ వెనకే ఉన్నాడు. నా ఊపిరి అయిపోతున్నప్పుడు మళ్ళీ రెండుసార్లు. నేను వెనక్కి వచ్చాను. ఎవడో పాత బెల్లు బిగించుకుని వచ్చి మునిరత్నం అన్నలా కొడుతున్నాడు, మంచి పనే చేశాడు అనుకున్నాను. ఇంతకుమించి ఆలోచించే తీరిక లేదు.

వరసలో నేను చివర ఉన్నప్పుడు మళ్ళీ కొట్టింది. ఆ శబ్దం నా వెనకనుంచి వచ్చింది. తిరిగి చూశాను. రోడ్డు ఖాళీ. ఎండకు తారు మెరుస్తోంది. దూరంగా ఒక ఎద్దులబండి మాత్రం ఉంది, అంతే.

భయపడి ఉండాలి కదా. పడలేదు. నా కాళ్ళు తేలికైపోయాయి. ఆరోజు తొక్కినట్టు ముందెప్పుడూ తొక్కలేదు, ఆ తర్వాతా తొక్కలేదు. ముగ్గురి పెడళ్ళూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి. ఒక్కొక్క జట్టునే దాటుకుంటూ పోయాం. గుడియాత్తంలో కౌండిన్య ఏరు దాటి బల్ల దగ్గర సంతకం పెట్టింది మొదట మేమే.

సంతకం పెడుతుంటే దేవసహాయం నా చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"మణీ, బెల్లు నువ్వు తీయలేదా?"

అందరివీ తీసేశానన్నాను. నువ్వు కొడుతున్నావనుకున్నా అన్నాడు. ఏకాంబరం మా ఇద్దరి వైపూ చూశాడు. మూడు హ్యాండిళ్ళూ చూశాం. బెల్లు ఉండాల్సిన చోట బిగింపు మచ్చలే ఉన్నాయి. మళ్ళీ ఎక్కి బయలుదేరాం.

అప్పుడు ఆ ఏటిమీద ఉన్నది నేలకు ఆనుకున్న తక్కువ ఎత్తు వంతెన. ఏరు ఎండిపోయి ఉండేది, అంతా ఇసుకే. వంతెనకు ఎగువవైపు, కొంచెం దూరంలో, ఇసుకలో చెలమలు తీసుకుని బట్టలుతుకుతున్నారు. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక ముసలాయన, నలుగురో ఐదుగురో పిల్లలు, గాడిదలు. ఉతికినవి ఇసుక మీద ఆరేసి ఉన్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు.

వంతెన ఎక్కబోతుండగా వెనక బెల్లు మొదలైంది. ఈసారి రెండుతో ఆగలేదు. కొడుతూనే ఉంది.

ముగ్గురం బ్రేకులు పట్టేశాం.

ఏకాంబరానికి కోపం వచ్చింది. "యార్‌ప్పా కొట్టేది? గెలిచే పందెంరా ఇది!" అని మా మీద పడ్డాడు. రెండో స్థానంలో ఉన్న జట్టు మా పక్కనుంచి దూసుకుపోయింది. ఒకడు తిరిగి చూసి నవ్వాడు. వాళ్ళు వంతెన దాటి, అవతలి గట్టెక్కి, మలుపు తిరిగి పోవడం మా కళ్ళతో చూశాం. వాళ్ళకేమీ కాలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మేం ఆగకుండా పోయినా మాకూ ఏమీ అయ్యేది కాదు.

బెల్లు ఆగింది. ఎంత నిశ్శబ్దం అంటే, చెలమ దగ్గర రాతి మీద బట్ట పడే చప్పుడు కూడా వినబడుతోంది. అప్పుడే ఎగువనుంచి తడిమట్టి వాసన వచ్చింది. ఇసుకలో ఉన్న కొంగలన్నీ ఒక్కసారి లేచాయి.

దేవసహాయం చెయ్యి చాచాడు. ఏటి మలుపులో, ఇసుక అంచున, గోధుమరంగు గీత ఒకటి కదులుతోంది. ముందు నురగ, అందులో తుమ్మకొమ్మలు. ముందు రాత్రి పలమనేరు కొండల్లో కుండపోత పడిందట, మాకు తరవాత తెలిసింది.

సైకిళ్ళు వంతెన మొదట్లోనే పడేసి ఇసుకలోకి దూకాం.

"ఏరొస్తా ఉండాది! గట్టెక్కండి!" అని అరుస్తూ పరుగెత్తాం. ఏకాంబరం తమిళంలో అరుస్తున్నాడు. ఇసుకలో కాళ్ళు దిగబడిపోతున్నాయి. ముసలాయనకు చెవుడు, ఆయనకు అర్థమయ్యేసరికి దేవసహాయం ఆయన్ను భుజాన వేసుకున్నాడు. ఒక ఆడమనిషి బట్టలకోసం వెనక్కి తిరిగితే ఏకాంబరం చెయ్యిపట్టి లాగాడు. నేను ఒక పిల్లను వీపున ఎక్కించుకుని, ఇంకొకణ్ణి చంకన పెట్టుకున్నాను. గట్టు మీద కాలు పెట్టేసరికి నీళ్ళు నా మోకాళ్ళకు తగిలాయి. తిరిగి చూస్తే చెలమలూ లేవు, ఇసుకా లేదు. గట్టునుంచి గట్టుదాకా ఒకటే నీళ్ళు. ఉతికిన బట్టలు, ఒక గాడిద, ఏకాంబరం సైకిల్ కొట్టుకుపోయాయి. మనుషులు మాత్రం అందరూ గట్టు మీద ఉన్నారు. పేరుపేరునా పిలిచి చూసుకున్నారు.

వాళ్ళలో పెద్దావిడ గంగమ్మ. కాసేపటికి నా దగ్గరికి వచ్చి, బెల్లు కొట్టింది ఎవరని అడిగింది. నువ్వు విన్నావా అన్నాను.

"నేను వినలేదు నాయనా. మీరు అరిచేదానికి ముందే, నీ వీపున ఉండే మా చిన్నది తలెత్తి రోడ్డు దిక్కు చూసింది. టపాలు ఇచ్చేటాయన వస్తా ఉండాడు, బెల్లు కొడతా ఉండాడు అనింది. ఆయప్ప యాడ?"



ఏరు తగ్గేదాకా గుడియాత్తం పక్కే ఉండిపోయాం. పందెం ముగిసి, కప్పు ఇచ్చి, జనం ఇళ్ళకు పోయాక సాయంత్రానికి వేలూరు చేరాం, రెండు సైకిళ్ళ మీద ముగ్గురం. మరునాడు పొద్దున తొరపాడి పోయి రాజమ్మక్కకు అంతా చెప్పాం. ఆయన సైకిల్ ముందుగదిలో గోడకు ఆనించి ఉంది. రెండు టైర్లూ గాలి లేక నేలకు అతుక్కుపోయాయి. బెల్లు దాని మీదే ఉంది. మీటకూ హ్యాండిల్‌కూ మధ్య సాలెపురుగు దారం ఒకటి తెగకుండా ఉంది. నేనే వేలితో తుడిచి కొట్టాను. అదే గొంతు.

రాజమ్మక్క దగ్గరికి వచ్చి బెల్లు మీద చెయ్యి పెట్టింది. తర్వాత, "ఆయన ఉన్నప్పుడూ ఏది చేసినా ఎందుకని చెప్పేవాడు కాదు," అంది.

ఫిట్టరు బుద్ధితో నేను ఎన్నో కారణాలు వెతికాను. ఎండదెబ్బకు చెవులు మోగాయంటే, ముగ్గురికీ ఒకేసారి ఒకే లెక్కన మోగవు. గుడిగంట అంటే, అది మమ్మల్ని అన్ని మైళ్ళు వెంబడించదు. అలవాటుపడిన చెవి లేనిది విన్నదంటే, ఆ చిన్నపిల్ల మునిరత్నం అన్నను ఎన్నడూ చూడలేదు, ఆ బెల్లు ఎన్నడూ వినలేదు. దేవసహాయం అది దేవుడి పని అని చివరిదాకా నమ్మాడు. ఏకాంబరం ఆ మాటెత్తితే లేచిపోయేవాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు.

నాకు అంతుబట్టనిది బెల్లు ఒక్కటే కాదు. మమ్మల్ని కాపాడటానికైతే స్నేహం కొద్దీ అనుకోవచ్చు. కానీ మాకు ఏ ప్రమాదమూ లేదు. ఆ ఇసుకలో ఉన్నవాళ్ళు మునిరత్నం అన్నకు ఎవరు? ఆయన వాళ్ళ ముఖాలు కూడా ఎరగడు. వాళ్ళకోసం అంతదూరం మమ్మల్ని ఒక వరసలో పెట్టి, సరిగ్గా ఆ వేళకు ఆ గట్టు మీదికి తెచ్చి నిలబెట్టిందెవరు?

ఆరోజు గట్టెక్కాక కూడా ఆ పిల్ల నా వీపు దిగలేదు. మెడ చుట్టూ చేతులు బిగించుకుని ఉంది. దాని గుండె నా వీపుకు తగిలి కొట్టుకుంటోంది. దించమని ఎవరూ అడగలేదు, నేనూ దించలేదు. ఎదురుగా ఏరు పోతూ ఉంది. చాలాసేపు అట్లాగే నిలబడ్డాను.