నాలుగు గంట్లు పెట్టిన పైపు ముక్క

మొన్న బాల్కనీలో వాననీటి గొట్టం కారుతోందని ప్లంబరును పిలిపిస్తే, అతను ఆ పనితో పాటు రెయిలింగుకు బిగించి ఉన్న మూరెడు బూడిదరంగు పైపు ముక్కను కూడా ఊడదీసి, చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరు కోసేరండీ దీన్ని? మూతికి నాలుగు పక్కలా గంట్లు పెట్టి మంచి పైపు పాడుచేసేరు. పారేసి కొత్తది ఏసేత్తానండి" అన్నాడు. పాపం, అతని తప్పేముంది? కానీ నాకు చర్రున కోపం వచ్చింది. సౌదీ నుంచి శాశ్వతంగా వచ్చేసేటప్పుడు పెట్టె బరువు ఎక్కువైందని మంచి మంచి గిన్నెలే అక్కడ వదిలేసి, ఈ ముక్కను మాత్రం చీరల మధ్య చుట్టి తెచ్చుకున్నదాన్ని నేను. ఆ సంగతి ప్లంబరుకు చెబితే నవ్విపోతాడు. మీకైతే చెప్పుకోవచ్చు, నా ఈడువాళ్లు కనుక.

అప్పట్లో నేను అల్ ఖోబర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సును, మావారు దమ్మాం దారిలో ఒక చిన్న వర్క్‌షాపులో పైపులు కోసి అతికే మేస్త్రీ, మా అమ్మాయి ఇండియన్ స్కూల్లో ఆరో తరగతి. రోజులు బాగానే గడుస్తున్నాయనుకుంటుండగా నితాఖత్ అనే కొత్త రూలు వచ్చింది. ఏ కంపెనీలో ఎంతమంది సౌదీలు పనిచేస్తున్నారో చూసి ఎరుపు, పసుపు, పచ్చ అని రంగులు వేసేవారు, ఎరుపు పడినచోట మనవాళ్ల ఇకామాలు, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే కార్డులు, రెన్యువల్ అయ్యేవి కావు. మావారి వర్క్‌షాపు ఎరుపులో పడింది. ఆ కఫీల్, అంటే పూచీ ఉన్న యజమాని, చెడ్డవాడేమీ కాదు, తన చేతిలో ఏమీ లేదని చేతులెత్తేశాడు. అప్పుడు మా ఆసుపత్రి ఆఫీసువాళ్లు ఒక దారి చూపించారు. నర్సు ఉద్యోగం కాబట్టి, భర్తను నా ఇకామా మీదకు మార్చుకోవచ్చట. వారం రోజులు కాగితాలు పట్టుకుని తిరిగి, పని అయిన రోజున స్వీట్ల డబ్బా కొనుక్కుని మరీ ఇంటికి వెళ్లాను. ఆయన ఆ కొత్త కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చూసి బల్ల మీద పెట్టేశారు. దాని మీద, ఈ మనిషికి పని చేయడానికి అనుమతి లేదు అని రాసి ఉంది.

మగవాళ్ల అభిమానం సంగతి మీకు నేను చెప్పాలా? ఇరవై ఏళ్లు ఇనుముతో కుస్తీ పట్టిన మనిషి, పొద్దున్నే నాకు టిఫిను డబ్బా కట్టి, పిల్లను బస్సెక్కించి, గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఎవరో వేళాకోళానికి మేడమ్ గారి ఇకామా అన్నారని మనుషుల్లోకి రావడం మానేశారు. నెల తిరగకుండానే బీరువా మీది పెట్టె కిందకు దింపి, తన రంపం, స్పానర్లు, కొలత టేపు, డ్రిల్లు మిషను అన్నీ అందులో సర్దేశారు. "నీ కార్డుకి తోకలాగ ఏలాడ్డం కన్నా ఊళ్లో రొయ్యల చెరువు కాడ కాపలా ఉండ్డం నయం" అన్నారు. నేను బతిమాలాను, దెబ్బలాడాను, రెండు పూటలు అన్నం మానేసి కూడా చూశాను. మూడో పూట ఆకలేసి తిన్నాననుకోండి, అది వేరే సంగతి. ఆ పెట్టె మాత్రం మంచం పక్కనే, ఇవాళో రేపో విమానం ఎక్కేలా నిలబడి ఉండేది.

మా కింది వాటాలో హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఉండేవారు, స్కూలు బస్సు నడిపేవారు. అందరం ఆయన్ని భాయిసాబ్ అనేవాళ్లం. ఆయనకు శుక్రవారం సెలవు వస్తే సముద్రం ఒడ్డున గాలం వేయందే తోచదు. కానీ ఏళ్ల తరబడి స్టీరింగు తిప్పీ తిప్పీ కుడి భుజం పట్టేసి, గాలం కర్రను పావుగంట కూడా పట్టుకోలేకపోయేవారు. కర్రను నిలబెట్టే సాధనమేదైనా చేసిపెట్టమని మావారిని అడిగారు. ఆ అడగడం నిజంగా భుజం నొప్పికో, మా ఇంటి నొప్పి కనిపెట్టో ఈనాటికీ నాకు తెలియదు. ఏదైతేనేం, పెట్టెలోంచి రంపం బయటకు వచ్చింది.

మొదట చేసింది ఉత్త గొట్టం. ఇసుకలో నిటారుగా గుచ్చి కర్రను అందులో దింపారు. అంతటి మేస్త్రీ కూడా చేప లాగుతుందన్న సంగతి మరిచిపోయారు! కాసేపటికి కర్ర గిర్రున తిరిగి, గొట్టంలోంచి ఎగిరి, రీలుతో సహా నీళ్లలోకి వెళ్లిపోయింది. మావారి ముఖం నల్లబడిపోయింది. భాయిసాబ్ మాత్రం ఇసుకలో కూలబడి నవ్వారు. "అరే అన్నా, నేను చేపను పడదామనుకుంటే, చేపనే నా గాలం పట్టుకపాయె గదా!" ఆ నవ్వుకు మావారూ నవ్వారు. ఎన్ని నెలలకో విన్నాను ఆ నవ్వు.

ఇక ఆ వారమంతా మా ఇల్లు వర్క్‌షాపే. పైపును స్టవ్వు మీద కాచి మూతి వెడల్పు చేస్తుంటే ఆ కంపుకు కిటికీలన్నీ తెరవాల్సి వచ్చింది. మూతి దగ్గర ఒక గంటు కోసి, రీలు కాడ అందులో కూర్చునేలా చేస్తే కర్ర తిరగదు, ఎగరదు. అడుగున చిల్లు పెడితే ఉప్పునీళ్లు నిలవవు. గొట్టాన్ని కొంచెం వెనక్కి వాల్చి బిగిస్తే చేప ఎంత లాగినా అది ఊడదు. అంతటితో ఆగారా? ఐసు పెట్టెను ఇసుకలో మోయలేక అందరూ చస్తున్నారని, చక్రాల బండి కూరుకుపోతోందని, పాత నీళ్ల డ్రమ్మును నిలువునా కోసి, దాని సగాన్ని తెప్పలాగా చేసి, ముందు తాడు కట్టారు. లాగితే ఇసుక మీద జారుకుంటూ వచ్చేది. దాని మీద ఐసు పెట్టె, ఆ పక్కా ఈ పక్కా మూడేసి గొట్టాలు. మా ఊళ్లో పడవలను ఒడ్డుకు లాగినట్టే, పిల్లలందరూ హైలెస్సా అంటూ దాన్ని లాగేవారు.

అది చూసి మలయాళీలు అడిగారు, పాకిస్తానీలు అడిగారు, చివరకు రోజూ అక్కడ గాలం వేసే ఒక సౌదీ తాతగారు కూడా తన కర్ర తెచ్చి చూపించారు. మావారు అందరికీ చేసిపెట్టారు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. పని చేయకూడదని కార్డు మీద రాసి ఉంది గానీ, స్నేహం చేయకూడదని రాయలేదు కదా అనేవారు. పుచ్చుకోకపోయినా హమూర్ చేపలు, బిర్యానీ గిన్నెలు, ఖర్జూరం డబ్బాలు ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవి. పెట్టెలోంచి స్పానర్లు వచ్చాయి, టేపు వచ్చింది, డ్రిల్లు వచ్చింది. ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చి చూస్తే, ఖాళీ పెట్టె మళ్లీ బీరువా మీద ఉంది. స్నానాల గదిలోకి వెళ్లి నీళ్లు వదిలి, ఆ చప్పుడులో దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

నాకు గాలం వేయడం రాదు. ఆరు గొట్టాలు పోగా తెప్ప చివర నా కోసమని ఏడోది పెట్టారు, గొడుగుకి. రాత్రి డ్యూటీ దిగి ఆసుపత్రి నుంచి తిన్నగా అక్కడికే వచ్చేసేదాన్ని. ఇంట్లో పడుకోమంటే వినేదాన్ని కాదు, వారంలో ముగ్గురం కలిసి ఉండే పూట అదొక్కటే. తెప్ప పక్కన చాప వేసుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోయేదాన్ని. మెడ దగ్గర వంగే పెద్ద గొడుగు అది. కాడకు అడ్డంగా ఒక బోల్టు దిగేసి, ఆ బోల్టు కూర్చోవడానికి గొట్టం మూతికి నాలుగు గంట్లు పెట్టారు. మిగతా వాటికి ఒకటే కదా, దీనికి నాలుగెందుకని అడిగితే గాలికని ఏదో గొణిగారు. చేతులు ఊరుకోక కోసి ఉంటారులే అనుకున్నాను. అయిదేళ్లు ఆ నీడలో పడుకున్నాను. లేచేసరికి వేయించిన చేప, వేడి టీ, ముఖం మీద చల్లటి నీడ.

తర్వాత కుటుంబాల మీద ఫీజు వచ్చింది. ఇకామా మీద ఉన్న ఒక్కొక్కరికీ నెలనెలా, ఏడాది ఏడాదికీ పెరుగుతూ. శుక్రవారం శుక్రవారానికి తెప్ప మీది గొట్టాలు ఖాళీ అవుతూ వచ్చాయి. ఎవరికి వారు ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని వెళ్లిపోతుంటే, మావారు వాళ్లవాళ్ల గొట్టం ఊడదీసి చేతిలో పెట్టి పంపేవారు. చివరకు మా వంతూ వచ్చింది. అమ్మాయి చదువు పూర్తయ్యేదాకా నేను ఉండేటట్టు, వాళ్లిద్దరూ ముందు వెళ్లేటట్టు అనుకున్నాం. ఈసారి పెట్టె సర్దింది కోపంతో కాదు, ఇద్దరం కలిసే సర్దాం. అదొక్కటే తేడా గానీ ఎంత తేడా!

వాళ్లు వెళ్లిన తర్వాతి శుక్రవారం నేను కదలనని కూర్చుంటే, భాయిసాబ్ నా తోటి నర్సును పైకి పంపారు. "అక్కా, ఆ ముసలాయన తెప్పకి తాడు కట్టుకుని కింద నిలబడ్డాడే" అంది. వెళ్లాను. గొడుగు నేనే గొట్టంలో దింపుకుని, నీడ చూసుకుని, ఎప్పటిలాగే పడుకున్నాను.

గంట తిరగకుండా ముఖం చుర్రుమని మెలకువ వచ్చింది. నిండుగా ఎండ నా మీద పడుతోంది. గొడుగు పెట్టినచోటే ఉంది, ఎండే జరిగింది. ఒక్క నిమిషం నాకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఆ నాలుగు గంట్లూ చూశాను. అయిదేళ్లు, ప్రతి శుక్రవారం, గాలం వదిలేసి లేచి వచ్చి, నా నిద్ర చెదరకుండా గొడుగును ఒక్కొక్క గంటూ తిప్పిన మనిషి, ఒక్కసారి కూడా చెప్పలేదు. చాప మీద కూర్చుని ఏడ్చాను. ఎండ కళ్లలో పడిందని తోటి నర్సుతో అబద్ధమాడాను. ఫోనులోనూ ఆయనతో ఆ మాట ఎత్తలేదు, ఇంటికి వచ్చాకా ఎత్తలేదు.

ఇప్పుడు అక్కడ గాలం కర్రలకు రకరకాల స్టాండ్లు దుకాణాల్లోనే దొరుకుతున్నాయట, ఎవరూ ఎవరికీ కోసిపెట్టనక్కరలేదు. భాయిసాబ్ వాళ్ల ఊరికి చేరారు, ఆరు గొట్టాలూ ఆరు ఊళ్లలో ఉన్నాయి. ఏ ఇంట్లో ఏ మూల ఉన్నాయో, వాటినీ ఏ ప్లంబరైనా పారేశాడో తెలియదు. ఎవరో ఒకరికి ఏదో ఒకటి చేసిపెట్టడమే శుక్రవారమైన ఆ రోజులు మాత్రం ఇక రావు. ఆ దేశం కార్డు మీద ఏం రాసినా, ఆ ఒడ్డున నాకు దొరికినదానికి నేను కృతజ్ఞురాలిని.

ప్లంబరు చేత ఆ ముక్కను ఉన్నచోటే మళ్లీ బిగింపజేసి, ఎప్పటిలా గొడుగును అందులో నిలబెట్టాను. మధ్యాహ్నం భోజనమయ్యాక మావారు బాల్కనీలో పడక కుర్చీలో పేపరు ముఖం మీద వేసుకుని నిద్రపోతారు. అరవై దాటాయి, గురక కూడా పెరిగింది. ఎండ ఆయన పాదాల దాకా రాగానే నేను చప్పుడు చేయకుండా వెళ్లి గొడుగును ఒక గంటు తిప్పి వస్తాను. లేచాక, ఈ వైపు ఎండే రాదేమిటే అంటారు. నేను చెప్పను. ఆయన నాకు చెప్పారా ఏమిటి!