సున్నపుతేటకి లేచిన చెయ్యి

1968వ సంవత్సరం, వానాకాలం. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే దారిలో రేకుల కప్పు కింద నా పాలిష్ కొట్టు ఉండేది. బీరువాలు, కుర్చీలు, పందిరి మంచాలు, అప్పుడప్పుడూ ఒక వీణ. కర్రని చూడగానే దానికి ఏ రంగు పడుతుందో చెప్పేస్తానని నాకు పొగరు. "నాకీ రంగు కావాలి" అని ఎవరైనా అంటే, "నీకేటి కావాలో కాదు, కర్రకేటి కావాలో సూడు" అని కసిరేవాణ్ణి. ముప్పై ఏళ్ల పనిలో నా పొగరు అణిగింది ఒక్కసారే. ఒక ఆడమనిషి ఆశ నిలబడటమో కూలిపోవటమో నా కుంచె మీదికి వచ్చిన పని అది.

కళింగపట్నం నుంచి కోదండం అని ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టి పాటల పిచ్చిలో పడ్డాడు. విజయనగరంలో పెళ్లిళ్లకి వాయించే పార్టీ ఒకటి ఇతన్ని తీసుకుంటామంది, సొంతంగా ఎలక్ట్రిక్ గిటారు తెచ్చుకుంటేనే. కొనే తాహతు ఎక్కడిది? వాల్తేరులో ఎవరో అమ్మేసిన పాత గిటారు మెడ సంపాదించాడు. తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్ అనే అయస్కాంతపు బిళ్లని కలకత్తా నుంచి తెప్పించాడు. పికప్ ఉంటే గిటారు కడుపు డొల్లగా ఉండనక్కర్లేదు, దిట్టమైన పలక చాలు. ఆ పలకని మా పక్క కొట్టు వడ్రంగి వీరాచారి నడుము తీసి, కొమ్ములు తీసి, ముచ్చటగా కోసిపెట్టాడు. పార్టీతో మొదటిసారి వాయించాల్సిన రాజాం పెళ్లికి పది రోజులుంది. రంగు పని నాది.

"మేస్త్రిగోరూ, నల్లగా కొట్టీండి. అద్దంలాగుండాల. లోపల కర్ర ఏటీ అగుపడకూడదు," అన్నాడు.

"ఏటిరా అబ్బీ, కర్రంటే నీకంత సిగ్గేటి? ఎక్కడిదిరా ఈ పలక?"

"పాతదండి. ఇంట్లో ఉన్నాది," అన్నాడు, వీధిలోకి చూస్తూ.

అక్కడే ఆగి అడిగి ఉండాల్సింది. అడగలేదు. నాకు నలుపంటే ఒళ్లుమంట. తారు పూసేవాడు చాలు కదా, నేనెందుకు? పైగా అతని జేబులో ఎవరో ఇచ్చిన ఇంగ్లీషు పత్రిక కాగితం ఒకటుంది. అందులో గిటారు నడిమధ్య తేనె రంగు, అంచులకి పోను పోను ముదిరి కాఫీ గింజ రంగు. దాన్ని సన్‌బర్స్ట్ అంటారట. పొద్దు పొడిచినట్టు ఉంటుంది. నా కళ్లు దాని మీదే ఉండిపోయాయి. కుర్రాడు వెళ్లగానే అనుకున్నాను, వీడికి నలుపు కాదు, ఇది చేసి చూపిస్తే ఎగిరి గంతేస్తాడని.

అది మామిడి కర్ర. పాలిపోయిన కర్ర. ఏదో నూనె పీల్చి పీల్చి ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే చేప వాసన. ఒక అంచున వరసగా కన్నాలుంటే వీరాచారి చీలలు కొట్టి పూడ్చేశాడు. మందం తగ్గిపోతుందని పైముఖాన చిత్రిక పట్టకుండా గాజుపెంకుతో గీకి వదిలేశాడు. నేను గరుకు కాగితంతో రుద్దాను. ఇక స్టెయిన్. పెయింటులా పైన కూర్చోకుండా కర్రలోకి ఇంకి, నరం కనబడేలా చేసే రంగు అది. అంచులకి కాచు, అన్నభేది అనే ఇనప ఉప్పు కలిపి పట్టిస్తే నలుపు తిరుగుతుంది. మధ్యలో తేనె రంగుకి ముందు సున్నపుతేట పూయాలి. పాలిపోయిన కర్రకి అది నెత్తురు పట్టిస్తుందని మా గురువు అనేవాడు.

మర్నాడు పొద్దున్న, సన్నగా చినుకులు పడుతుండగా, సున్నపుతేటలో గుడ్డ ముంచి పలక నడిమధ్య రాశాను. గుడ్డ పిండుకుని వెనక్కి తిరిగేసరికి కర్రలోంచి ఎరుపు లేస్తోంది.

మొదట నా వేలు తెగిందనుకున్నాను. రెండు చేతులూ తిప్పి చూసుకున్నాను. ఎక్కడా గాటు లేదు. ఎరుపు అంచులు కట్టుకుంది. అరచెయ్యి. తర్వాత బొటనవేలు. తర్వాత మిగిలిన నాలుగూ. చిటికెనవేలు మాత్రం వంకరగా బయటికి తిరిగి ఉంది. నా కళ్ల ముందు, పట్టపగలు, కర్ర లోపలి నుంచి ఎవరో అద్దానికి ఆనించినట్టు ఒక చెయ్యి వచ్చి ఆగింది. అబద్ధమెందుకు, గోడకి అంటుకుపోయి నిలబడ్డాను.

"ఆచారీ!" అని అరిచాను. వీరాచారి ఉలి చేత్తోనే వచ్చాడు. చూశాడు. ఉలి కిందపెట్టి రెండు చేతులూ జోడించాడు.

"బావా, నాను కోసినప్పుడు ఇది నేదు. నా మీద ఒట్టు. దాన్ని నా గోడ పక్కన ఎట్టకు," అని వెళ్లిపోయాడు.

నేను మొండివాణ్ణి. గరుకు కాగితం తీసుకుని చెమటలు కారేదాకా రుద్దాను. ఎరుపు పొడి రాలింది, చెయ్యి పలచబడింది. సున్నం విరగడానికి నిమ్మకాయ పిండాను. ఎరుపు పోయింది. హమ్మయ్య అనుకుని లక్క రేకులు స్పిరిట్‌లో కరిగించిన ఫ్రెంచ్ పాలిష్ దూది ఉండతో ఒక పూత వేశాను. ఆ పూత ఆరుతూ ఉండగానే చెయ్యి మళ్లీ పైకి వచ్చింది, ఈసారి పసుపు రంగులో. రుద్దిన కొద్దీ, పూసిన కొద్దీ పైపైకి వస్తోందే తప్ప పోవడం లేదు.

మధ్యాహ్నం మా ఆవిడ అన్నం క్యారేజీ తెచ్చింది. నా మొహం చూసి, పలక చూసి, నేను చెప్పింది విని నవ్వేసింది.

"ఏటయ్యా, పిల్లలకి ఎర్రనీళ్లు తిప్పి పొయ్యడం ఏనాడూ సూడనేదా? పసుపు మీద సున్నం పడితే ఎర్రగవ్వదా? నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపవ్వదా? ఎవులో పసుపు నూనెలో కలిపి సెయ్యద్దినారు, అది కర్రలోకి దిగిపోనాది. నీ స్పిరిట్టు దాన్ని పైకి లాగుతన్నాది."

నిజమే. ఇంత మేస్త్రిని, నాకు తట్టలేదు. సిగ్గేసింది గాని ప్రాణం లేచొచ్చింది. ఆమె మాత్రం పలక మీదికి వంగి తన చెయ్యి దానికి తాకకుండా పైన పట్టి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"పసుపు సరేనయ్యా. ఆడకూతురి సెయ్యిది. ఎవులిదీ?" అంది. ఆ క్యారేజీ అక్కడే పెట్టేసి, దాన్ని ఇంటికి మాత్రం తేవద్దని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు కోదండం వచ్చాడు. పలక చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నల్లగా కొట్టమన్నాను గదండి. ఎందుకండి దాన్ని లేపీసినారు?"

అప్పుడు చెప్పాడు. అది నావ పలక. ఆ కన్నాలు పలకకి పలక కొబ్బరితాడుతో కుట్టినవి. రెండేళ్ల కిందట గాలివానకి ముందు అతని అన్న దానయ్య ఇంకో ఇద్దరితో చేపల వేటకెళ్లాడు. ఎవరూ తిరిగి రాలేదు. పదకొండు రోజుల తర్వాత వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర ఈ ఒక్క పలకా ఒడ్డున పడి కోదండానికి దొరికింది. నావ మొదటిసారి నీళ్లలోకి దిగిన రోజున అన్న పెళ్లాం నూకాలు పసుపు చెయ్యద్దిన పలక. ఆ తర్వాత దాని మీద ఏటేటా చేపనూనె పూశారు.

"సూపించీసుంటే ఆ రోజే వదిన గాజులు పగలగొట్టీసుందురు," అన్నాడు. "ఆయమ్మ ఇంకా సూస్తన్నాదండి. ఒరిస్సా వైపు కొట్టుకుపోనారు, ఎవులో పట్టుకెళ్లి పనిలో ఎట్టుకున్నారు, వస్తారు అంటది. పొద్దున్న లేచి బొట్టెట్టుకుని ఒడ్డుకెల్తది. నాను సాపలో సుట్టి అటక మీద దాసినాను. కాల్సాలండి దీన్ని. కాల్సలేకపోనాను. మా అన్న కాడినుంచి వచ్చినాది ఇదొక్కటే."

"మరి గిటారేటిరా?"

"గిటారైతే నా సేతిలోనే ఉంటాది గదండి," అని ఏడ్చాడు. "నలుపు కొట్టీండి మేస్త్రిగోరూ. వదిన కంట పడితే సచ్చిపోద్ది."

నా సన్‌బర్స్ట్ మోజు ఎటు పోయిందో. నా మీద నాకే అసహ్యం వేసింది. నల్ల ఎనామిల్ డబ్బా తెచ్చి పూత మొదలుపెట్టాను. ఒక పూత, రెండు రోజులు ఆరనివ్వడం, నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ పూత. పలకంతా అద్దంలా తేరింది. మధ్యలో మాత్రం తేరలేదు. చేపనూనె ఏళ్లకి గట్టిపడిపోతుంది గాని పసుపు కలిపిన నూనె గట్టిపడదు, అది దిగిన చోట పెయింటు పట్టదు, ఆరదు. రంగు మునిగిపోయింది గాని చెయ్యి మునగలేదు. మెరిసే నలుపులో మెరవని నలుపుగా, అయిదు వేళ్లతో, ముట్టుకుంటే జిడ్డుగా అలాగే ఉంది. ఎదురుగా నిలబడితే కనబడదు. పక్కనుంచి వెలుగు పడితే కనబడుతుంది. నేను కొట్లో ఎటు తిరిగినా ఎక్కడో ఒకచోట కనబడేది. పగటిపూటే దాని వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను.

ఎనిమిదో రోజు మూడో పూత వేసి, ఇనప తీగతో దూలానికి వేలాడదీశాను. సంత రోజు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె గుమ్మంలో ఆగింది. నుదుట ఇంత బొట్టు, మోచేతుల దాకా గాజులు.

"బాబూ, మా మరిది సంగీతం కర్ర ఇక్కడున్నాదంట గదా. సూసి ఎల్దామనొచ్చినాను," అంది.

గుడ్డ కప్పుదామంటే పూత పచ్చిగా ఉంది. "ఇంకా ఆరనేదమ్మా, తర్వాత రా," అన్నాను. అప్పటికే గంప దించి లోపలికి వచ్చేసింది.

"ఓలమ్మ, కాకి నలుపు!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే పక్కకి జరిగింది. వాన మబ్బు వెలుగు కిటికీలోంచి పడుతోంది. నవ్వు మధ్యలో తెగిపోయింది. నేను ఆమె కుడిచేతి వైపు చూశాను. చిటికెనవేలు వంకరగా బయటికి తిరిగి ఉంది.

ఆమె ఆలోచించినట్టు కూడా లేదు. చెయ్యి లేపి ఆ మెరవని చోట పెట్టింది. వేలుకి వేలు సరిపోయింది. గిటారు తీగ మీద చిన్నగా ఊగి, ఆగిపోయింది. రెండో చేత్తో అంచు తడిమింది. పూడ్చిన కన్నాలు పెయింటు కింద ఇంకా తెలుస్తాయి. ఒక్కొక్కటే తడుముకుంటూ చివరిదాకా వెళ్లింది.

"మా నావే," అంది. చెయ్యి తియ్యకుండానే, "ఎప్పుడు దొరికినాది?" అంది.

"నాకేటీ తెలీదమ్మా."

"అబద్దమాడకు బాబూ. నీకు సేతకావడం నేదు."

చెప్పేశాను. పదకొండు రోజులు, వంశధార మొగ, అటక, చాప, అన్నీ. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. చెయ్యి తీసింది. అరచెయ్యంతా నలుపు. పలక మీద పచ్చి పెయింటులో ఆమె చెయ్యి గీతలతో సహా పడింది. కిరసనాయిలు గుడ్డ ఇచ్చాను. వేలు తర్వాత వేలు తీరిగ్గా తుడుచుకుంది. గాజుల మీద చుక్కలు పడితే వాటినీ తుడిచింది.

"మరిదికి నాను సూసినట్టు సెప్పకు బాబూ."

"మరి… గాజులమ్మా?"

"తీస్తే ఆడికి తెలిసిపోదా? నాకోసమని రెండేళ్లు కడుపులో ఎట్టుకున్నాడు, ఎర్రి గుంటడు. రోజూ ఒడ్డుకెల్తాను. రోజూ బొట్టెట్టుకుంటాను. ఆడు సెప్పీదాకా నాకు తెలీదు." పలక వైపు చూడకుండా చూపించింది. "అది తుడిసీ. పెళ్లిళ్లలో వాయించీది."

గంప నెత్తిన పెట్టుకుని, చేపలమ్మా చేపలు అని కేకేసుకుంటూ సంతలోకి వెళ్లిపోయింది. గొంతు వణకలేదు. దానికే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది.

నేను తుడిచాను. మళ్లీ పూత వేశాను. కోదండం రాజాం పెళ్లిలో వాయించాడు, పార్టీలో చోటు దొరికింది. తర్వాత చాలా ఏళ్లు, ఏడాదికోసారి గిటారు తెచ్చేవాడు. మధ్యలో మెరుపు నిలవడం లేదని. రంగు వేసినవాడికి కింద ఏముందో తెలుస్తుంది. తెలిసి నోరు మూసుకోవడం కూడా ఈ పనిలో భాగమేనని నాకు ఎవరూ నేర్పలేదు, వాళ్లిద్దరూ తప్ప.

ప్రతిసారీ వెళ్తూ వెళ్తూ కోదండం గుమ్మంలో ఆగేవాడు. "వదినకి అనుమానం రానేదు గదండి?"

"రానేదురా."

మళ్లీ సంత రోజున ఆమె గంప దించి, రెండు ఎండుచేపలు నా బల్ల మీద పెట్టి అడిగేది. "మరిదికి అనుమానం రానేదు గదా బాబూ?"

"రానేదమ్మా," అనేవాణ్ణి.