దీనమ్మ టీచర్ దాచిపెట్టిన పిల్ల

కాజీపేటలోని ఓ చర్చి బడిలో దీనమ్మ చేరిన కొత్తలో, అంటే డెబ్బైల మొదట్లో, పెద్ద టీచర్లు ఆమెకు ముందుగా నేర్పింది ఇన్‌స్పెక్టరు మర్యాద. ఆయన వస్తున్నాడంటే చురుకైన పిల్లలు ముందు వరుసలోకి, మొద్దులు ఇంటికి. పోనుపోను దీనమ్మ ఈ విద్యలో అందరినీ మించిపోయింది. బడి పరువు కాపాడుతున్నానని మురిసిపోయేది కూడా.

ఎనభై ఆరులో హనుమకొండ నుంచి పాండురంగం అనే పరిశోధకుడు టీవీకి తగిలించే కంప్యూటరు పట్టుకొచ్చాడు. తెర మీద మామిడికాయలు రాలుతుంటాయి. ఎన్ని రాలాయో లెక్కపెట్టి మీట నొక్కాలి. ఇలాంటి ఆటలతో చిన్నపిల్లలకు లెక్కలు వస్తాయా రావా అన్నది ఆయన తేల్చుకోవాలి.

“లెక్కలు రాని పిల్లలే కావాలి టీచర్. ఆటకు ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష పెడ్త,” అన్నాడు.

రెండో తరగతి కమలకు పది దాటితే తడబాటే. తల్లి కట్టమ్మ అప్పటికే చెప్పిపోయింది: “ఈ ఎండకాలందాక చూస్త టీచరమ్మా. లెక్కలు రాకుంటె బడి బందువెట్టి, చిన్నోణ్ని చూసుకొమ్మంట.”

ఆ ఆట ఎవరికి అవసరమో దీనమ్మకు తెలియక కాదు. బయటివాడి ముందు కమలలాంటి పిల్లను కూర్చోబెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు, అంతే. కమలను వారంపాటు రావద్దంది. లెక్కల్లో దిట్టలను ఏరి, వీళ్లే వెనకబడ్డవాళ్లని అప్పగించింది.

ఆ పిల్లలు మొదటి పరీక్షలో అన్నీ రాశారు. ఆఖరి పరీక్షలోనూ అన్నీ రాశారు.

“ఈడ ఆటతోని ఫాయిదా ఏం కనవడ్తలేదు టీచర్. ఇంకో బడికి తీస్కపోత,” అంటూ పాండురంగం వైర్లు చుడుతుంటే, వారం అయిపోయిందని కమల వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని ఆయన అడిగాడు.

“నాకు లెక్కలు రావు సార్. టీచరమ్మ ఇంటికాడ ఉండుమన్నది.”

ఆయన దీనమ్మ వైపు చూశాడు. ఆమెకు సిగ్గేసింది. ఆ యంత్రాన్ని ఇంకో వారం ఉంచమని బతిమాలితే ఆయన ఒప్పుకునేవాడేమో. ఆ మాట అడగకుండా ఆమె హాజరుపట్టీ సర్దుకోసాగింది.

టీచరు మీదికి ఏదో వస్తోందని పిల్లకు అర్థమయింది.

“టీచరమ్మ మంచిదే సార్,” అంది గబగబా. “నేను కనవడితె బడికి నామోషి.”

లెక్కలు నేర్పలేకపోయినా, ఆ మాట మాత్రం దీనమ్మే నేర్పింది.

ఎండాకాలం రాగానే కట్టమ్మ అన్నంత పనీ చేసింది. తమ్ముణ్ని చంకనేసుకుని కమల బజారులో ఎదురైనప్పుడల్లా “నమస్తే టీచరమ్మా” అనేది. దీనమ్మ తల ఎత్తలేకపోయేది.