గుప్పిట్లో కరిగిన నెత్తురు

మార్గశిరం వచ్చిందంటే మదనపల్లెలో చలి ఎముకలు కొరుకుతుంది. ఆ చలికాలమే, టమాటా మండీలో కాయలు ఏరే మా అక్కకు వేళ్లు నీలంగా మారడం మొదలైంది. వేళ్లే కాదు, చెవుల కొనలూ ముక్కు కొనా కూడా. పొయ్యి దగ్గర కూర్చుంటే మళ్లీ మామూలు రంగుకు వచ్చేవి. మండీలో ఆడవాళ్లు నవ్వుతూనే ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. నాకు ఒళ్లు మండేది. కానీ నిజం చెప్పాలంటే, ఆ వేళ్లతో అన్నం వడ్డిస్తే నాకూ భయంగానే ఉండేది.

తర్వాత అక్క కళ్లు పచ్చబడ్డాయి. కురబలకోట దగ్గర గొర్రెలు కాసే ఇల్లు మాది. గొర్రెకైనా మనిషికైనా ముందు పసరే, ఆస్పత్రి ఆ తర్వాత. అమ్మ అక్కను పుంగనూరు పక్క ఊళ్లో కామెర్లకు మందిచ్చే ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఆకు పసరు తాగించి, ఉప్పూ నూనే మాన్పించి, కామెర్లంటే వేడి గనుక తెల్లారకముందే బావినీళ్లు నెత్తిన పోయమన్నాడు.

అమ్మే పోసేది. చలి, చాలమ్మా అని అక్క వణుకుతూ బతిమాలుతున్నా బిందె దించేది కాదు. స్నానమైన కాసేపటికి అక్కకు మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చేది. అది చూసి అమ్మ ముఖం వెలిగిపోయేది.

"సూడు, కామెర్లు దిగిపోతాండాయి" అని నన్ను పిలిచి చూపించేది.

రోగం అంత నల్లగా బయటికి పోతుంటే మనిషి తేరుకోవాలి కదా. అక్క మాత్రం రోజురోజుకూ పాలిపోయింది. ఒక ఉదయం గడప దాటబోయి కూలిపోయింది.

మదనపల్లె ల్యాబులో తీసిన నెత్తురు గొట్టంలోనే ఇసుకలా గడ్డలు కట్టింది. ఒక పద్ధతిలో చూస్తే ఒక గ్రూపు, ఇంకో పద్ధతిలో చూస్తే ఇంకో గ్రూపు వచ్చింది. ఇది ఒక మనిషి నెత్తురులా లేదని అక్కడి అమ్మాయి నాతో మెల్లగా అంది. గ్రూపు తేలనిదే రక్తం ఎక్కించరు, ఎక్కించకపోతే అక్క బతకదు. కారులో కుప్పం ఆస్పత్రికి బయల్దేరాం. దారంతా ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను.

కుప్పంలో డాక్టరు మళ్లీ నెత్తురు తీసి, గడ్డలు కట్టిన గొట్టాన్ని గుప్పిట్లో బిగించి కాసేపు వెచ్చబరిచాడు. గుప్పిట తెరిస్తే గడ్డలు లేవు, నెత్తురు పల్చగా జారుతోంది. బల్ల మీద పెట్టాడు. మేం చూస్తుండగానే అది మళ్లీ గింజలు గింజలుగా ముడుచుకుంది. అమ్మ కళ్లు మూసుకుంది.

డాక్టరు చెప్పాడు, ఒంటిని కాపాడే యాంటీబాడీలు ఐదు రకాలట. వాటిలో 'ఎం' అనేది అన్నిటికన్నా పెద్దది. రోగం రాగానే ముందు దూకేది అదే. అక్క ఒంట్లో అది సొంత ఎర్రకణాలనే పరాయివనుకుంటోంది, అదీ చలి తగిలినప్పుడు. వాటిని పట్టి గుత్తులు కడుతుంది, కణాలు పగిలిపోతాయి. అన్నాళ్లూ నల్లగా పోయింది రోగం కాదు, నెత్తురే.

చన్నీళ్లు ఎవరు పోశారని డాక్టరు అడిగాడు. అమ్మ నోరు తెరిచేలోపే మంచం మీద నుంచి అక్క తలెత్తింది.

"నేనే పోసుకున్యా సార్. అమ్మ వద్దనే అనింది."

తీసిన నెత్తురు చల్లారకుండా వెచ్చగా ఉంచి గ్రూపు తేల్చారు, ఒంటి వేడికి తెచ్చిన రక్తం ఎక్కించారు. అక్క బతికింది. ఇప్పుడు ఎండాకాలం సాయంత్రాలు కూడా ఉన్ని టోపీ, మేజోళ్లు వేసుకునే ఉంటుంది. చూడ్డానికి చుట్టాలు వచ్చినప్పుడల్లా అమ్మ కథంతా చెబుతుంది. సన్నీళ్లు వద్దే వద్దే అని మొత్తుకున్నానని, ఇది వినలేదని. మొదట్లో సిగ్గుపడి అలా చెబుతోందనుకున్నాను. కాదు. ఆమె కళ్లల్లో ఎక్కడా తడబాటు లేదు. బిందె ఎత్తింది తానేనన్నది అమ్మకు నిజంగానే గుర్తు లేదు. అది తెలిసిన రోజు నాకు ఆ ఇంట్లో కూర్చోవాలంటే భయమేసింది.

ఒకసారి ఉండబట్టలేక అసలు సంగతి చెప్పబోయాను. కంబళి కింద నుంచి అక్క చెయ్యి వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఔనమ్మా," అంది అమ్మనే చూస్తూ, "నేనే నీ మాట ఇనలేదు."