పెళ్ళి పసుపుతో దొరికిన లీకు

ఏడేళ్ళ కిందట, మే నెల, ఒక గురువారం ఉదయం. కారులో నేను, నా భార్య, పెళ్ళికొడుకైన మా మేనల్లుడు శీను, కారు నడుపుతున్న నా మిత్రుడు ఖాదర్.

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వెళ్తుండగా సగం దారిలో ఇంజను వేడెక్కి ఆవిరి కమ్మింది. చల్లారాక చూస్తే రేడియేటరులో నీళ్ళు సగమే ఉన్నాయి. కింద మాత్రం ఒక్క చుక్క లేదు. కారిన నీరు వేడికి అక్కడే ఆవిరైపోయింది; లీకు ఎక్కడో తెలియలేదు.

"ముహూర్తం దాటితే పిల్ల నాయన నన్ను గడప తొక్కనీడు మామా" అన్నాడు శీను.

నా భార్య పెళ్ళి సంచిలోని పసుపు తీసి రబ్బరు పైపుల మీద చల్లింది.

"పెండ్లికొడుక్కి పూసేది కారుకు పూస్తివే అక్కా!" అని నవ్వాడు ఖాదర్.

"నవ్వింది సాలు, ఇంజను ఆన్ సెయ్యప్పా."

ఒకచోట పసుపు తడిసి ముద్దయింది. అక్కడ పైపుకు సన్నని చీలిక ఉంది. డిక్కీలోని సైకిల్ ట్యూబు ముక్కతో ఖాదర్ దాన్ని బిగించి కట్టి, నీళ్ళు నింపి, మెల్లగా నడిపాడు. పురోహితుడు వీధిలోకి వచ్చి చూస్తుండగా చేరాం.

ఆ కారు ఇప్పుడు లేదు. నాకు మాత్రం మర్నాటి ఉదయమే ఎక్కువగా గుర్తుకొస్తుంది. అప్పగింతలయ్యాక కొత్త దంపతులు మా కారే ఎక్కారు.

"పైపు ఇంకా మార్చలేదు, దారిలో ఆగితే తిట్టొద్దమ్మా" అన్నాడు ఖాదర్.

"ఆగితే ఆగనీలే అన్నా" అంది పెళ్ళికూతురు. "ఈయనతో ఇంకా సరిగ్గా మాట్లాడనే లేదు."