చావు కబుర్ల వేళకు మూగబోయిన రేడియో

ఫిజీ దీవుల్లో ఎక్కడ ఏ కారు రేడియో మొరాయించినా, మా తాత రామయ్య పేరు చెవిన పడితే చాలు, భయపడి దానంతట అదే పాడుతుంది. ఆయన చెయ్యి పడ్డాక మళ్ళీ చెడిపోయే ధైర్యం ఈ దేశంలో ఏ రేడియోకూ లేదు. ఒక్క ఆయన సొంత టాక్సీలోని దానికి తప్ప.

రామయ్య పడుచుతనంలో రాకీరాకీలోని పెనాంగ్ చక్కెర మిల్లుకు చెరకు తోలాడు. లారీ షెడ్డులో వైర్లు కలపడం నేర్చాడు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు పాత తెల్ల కారు కొని, నాదీ పట్నం పక్కన నవాకాలో కాపురం పెట్టి టాక్సీ తిప్పాడు. అందులో క్యాసెట్లు వేసే రేడియో బిగించిందీ ఆయనే.

ఆ ఏడు వానలకు వంతెన మునిగింది. అంతకు ముందే రాకీరాకీ నుంచి వచ్చిన బస్సు డ్రైవరు ఒక కబురు చెప్పి పోయాడు. రామయ్య భార్య అమ్మణికి అన్న అయిన సుబ్బయ్యకు గుండెనొప్పి వచ్చిందట, ఆస్పత్రిలో వేశారట, నమ్మకం లేదట. వెళ్దామంటే దారి లేదు. ఊళ్ళో దుకాణంలోని ఫోను పనిచేయడం లేదు. ఇక మిగిలింది రేడియో. ఎవరైనా పోతే సాయంత్రం వార్తల తర్వాత రేడియోలో చదువుతారు: ఫలానా ఊరి ఫలానా మనిషి, దహనం ఎక్కడ, ఎప్పుడు. దీవులంతటా చుట్టాలున్నవాళ్ళకు అదే తంతి. ఇంట్లో ట్రాన్సిస్టరేమో వరదనీళ్ళు తాగి ఊరుకుంది.

అమ్మణి పొద్దుటినుంచి పొయ్యి ముట్టించలేదు. కబురు తెలిసేదాకా మెతుకు ముట్టనంది. కొంగు బిగించి టాక్సీ ముందు సీట్లో కూర్చుంది. రామయ్య తాళం తిప్పి రేడియో నొక్కాడు. దీపం మినుక్కుమని ఆరిపోయింది.

"ఏమయ్యా?"

"ఉండవే."

హారన్ మోగింది. పెద్ద లైట్లు వెలిగాయి. బ్యాటరీలో లోపం లేదు. వార్తల వేళ దగ్గర పడుతోంది. పక్కింటి యోగేంద్ర గొడుగు వేసుకుని కంచె దగ్గరికి వచ్చాడు.

"కా భయ్, కాకా? రేడియో మర్ గైస్?"

చచ్చిందా అన్న ఆ మాటకు అమ్మణి తల తిప్పి చూసింది. ఆ చూపుకు గొడుగు రెండడుగులు వెనక్కి జరిగింది.

"నోరు బంద్ చేసి టార్చి పట్టు," అన్నాడు రామయ్య.

చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టిన పనిముట్టు తీశాడు. ఒక కొస కారు ఇనుముకు ఆనించి, రెండోది రేడియోకు వచ్చే ఎర్ర వైరుకు తాకించాడు. వెలగలేదు. ఫ్యూజుల పెట్టె దగ్గర తాకించాడు. ఫ్యూజుకు ఇవతల వెలిగింది, అవతల లేదు. ఫ్యూజు ఊడదీసి చూస్తే తీగ తెగలేదు. దాన్ని పట్టుకునే ఇత్తడి రెక్క మాత్రం పచ్చగా చిలుం పట్టి ఉంది. దాని చుట్టూ చీమలు.

"చీమలెందుకొచ్చాయి?" అంది అమ్మణి.

రామయ్య చీమల్ని ఊదాడు. దీపావళినాడు బండికి పూజ చేసిందీ ఆయనే. బయట వాన పడుతోందని కొబ్బరికాయ చక్రం ముందు కొట్టకుండా లోపలే కొట్టాడు. బండి కూడా కాస్త రుచి చూడాలని ఆ నీళ్ళు డాష్‌బోర్డు మీద పోశాడు.

"బండికి తాగించావు కదూ?"

"దేవుడి నీళ్ళే కదే."

"దేవుడు స్టీరింగ్ కింద ఉంటాడా?"

ఇంకో రోజయితే యోగేంద్ర నవ్వేవాడు. ఆ రోజు టార్చి ఇంకాస్త దగ్గరికి పెట్టాడు. రామయ్య బ్యాటరీ వైరు తీసి, చాకుతో చిలుం గీకాడు. గీకుతుంటే చెయ్యి మెల్లగా నడిచింది. ఇది బాగైతే ఏం చెబుతుందో ఆయనకు తెలియదు. బాగుకాకపోతే ఆ సీట్లో మనిషి తెల్లవార్లూ అలాగే కూర్చుంటుంది.

వైరు తగిలించి, ఫ్యూజు పెట్టాడు. రేడియో గుర్రుమని గొంతు సవరించుకుంది. వార్తలు అయిపోయి హిందీలో చావు కబుర్లు మొదలయ్యాయి. మొదట వాలేలేవులో ఒక ముసలమ్మ పోయిన కబురు. తర్వాత, "రాకీరాకీ, పెనాంగ్ నివాసి..."

అంతే, ఆగిపోయింది.

అమ్మణి రామయ్య జబ్బ పట్టుకుంది. గోళ్ళు దిగాయి. రెక్క వదులైందని ఆయనకు అర్థమై, ఫ్యూజును బొటనవేలితో అదిమి పట్టాడు. గొంతు తిరిగి వచ్చేసరికి పేరు దాటిపోయింది. "...దహనం రేపు ఉదయం."

"ఎవరు? ఎవరయ్యా?"

"రెండోసారి చదువుతారు. కదలకు."

వేలు కాలుతున్నా తీయలేదు. పెనాంగ్ మళ్ళీ వచ్చింది. మునిస్వామి, చెరకు రైతు.

సుబ్బయ్య కాదు.

అమ్మణి చేయి వదిలింది. "పాపం, ఎవరి మొగుడో," అంటూ కళ్ళొత్తుకుని, దిగి వెళ్ళి పొయ్యి ముట్టించింది. వరద తీసి వాళ్ళు వెళ్ళేసరికి సుబ్బయ్య మంచం మీద లేచి కూర్చుని, చూడ్డానికి ఇంత ఆలస్యంగానా వచ్చేది అని చెల్లెల్ని తిట్టాడు.

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాక నాకు ఒక్క అనుమానం మిగిలింది. "తాతా, సుబ్బయ్య పేరే వస్తుంటే నీ బొటనవేలు తీసేసేవాడివా?"

"తీస్తే పోయినవాడు లేస్తాడా? పిచ్చి ప్రశ్నలు మాని, పోయి తాగడానికి యంగోనా వేరు పొడి కలుపు."